అర క్రెడిట్ తక్కువ

కిందటి వారం కొరిన్ డేగల్‌ని స్కూలు కౌన్సిలర్ గదిలో, కుర్చీ అంచున కూర్చుని ఉండగా వదిలి వచ్చాం. పన్నెండో తరగతి పిల్లలు నలభై ముగ్గురి మార్కుల పట్టీలు ముందేసుకుని, జూన్‌లో పట్టా పుచ్చుకోవడానికి ఎవరికి ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లున్నాయో సరిచూస్తున్న హాస్కెల్ మేడమ్‌కి ఒక్క పట్టీ దగ్గర పెన్సిలు ఆగిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ కూడింది. మళ్ళీ అంతే వచ్చింది. పిల్లని పిలిచి సంగతి చెప్పింది. ఏడుస్తుందేమో అనుకుంటే, కొరిన్ కళ్ళు కూడా ఆర్పలేదు.

"నాకు తెలుసు మేడమ్. రెండేళ్ళ నుంచీ తెలుసు. మా నాన్నకి మాత్రం చెప్పకండి," అంది.

చెప్పకుండా ఎలా? గ్రాడ్యుయేషన్ అందదేమో అని అనుమానమున్న పిల్లల ఇంటికి నోటీసు వెళ్ళాలి, దాని మీద పెద్దవాళ్ళ సంతకం పడాలి. తల్లి పోయి రెండేళ్ళవుతోంది. ఇక మిగిలింది తండ్రి. అతను గురువారం రెండు గంటలకి వస్తానన్నాడు.

గురువారం రెండు కావడానికి పది నిమిషాల ముందే వచ్చేశాడు.

ఏప్రిల్ నెల రాష్ట్రం ఉత్తరపు కొసనున్న మా లోయలో బురదకాలం. మంచు కరిగి అడవి దారులన్నీ గంజిలా అయిపోతాయి. వాటి మీద బరువులు తిరగకూడదని అధికారులు గొలుసులు కట్టేస్తారు. దుంగలు మోసే లారీలన్నీ పెరళ్ళలో నిలబడి ఉంటాయి, వాటిని నడిపేవాళ్ళు ఇళ్ళల్లో పెళ్ళాల కాళ్ళకి అడ్డం పడుతుంటారు. పెళ్ళాం లేని రొజైర్ డేగల్ తల్లి కాళ్ళకి అడ్డం పడుతున్నాడు. అందుకే ఫోనులో "ఎప్పుడు రమ్మంటే అప్పుడే వస్తానండీ," అన్నాడు ఎంతో సంబరంగా.

బూట్లు తలుపు బయట విప్పేసి, బూడిదరంగు ఊలు మేజోళ్ళతో లోపలికి అడుగుపెట్టాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. మెడ దగ్గర గుండీ బిగించేసరికి ముఖం కందిపోయింది. చేతిలో గుడ్డ చుట్టిన గిన్నె ఒకటుంది.

"మా అమ్మ పంపిందండీ. ప్లోయిలు. స్కూల్నించి ఫోనొచ్చిందనగానే పొద్దున్నే పెనం ఎక్కించేసింది. పిల్లకి ఏదో బహుమతి ఇస్తున్నట్టున్నారు, ఉత్త చేతుల్తో వెళ్ళకురా అంది." గిన్నె బల్ల మీద పెట్టి కూతురి వంక చూసి నవ్వాడు. "వెన్న కూడా రాసేసింది. చల్లారితే బాగుండవు, ముందు తినండి మేడమ్."

కొరిన్ తల దించుకుంది.

హాస్కెల్ మేడమ్‌ది ఈ లోయ కాదు. పదకొండేళ్ళ కిందట పెళ్ళి చేసుకుని సముద్రపు ఒడ్డునుంచి వచ్చింది. చరిత్ర పాఠాలు చెప్పేది. పాత కౌన్సిలర్ రిటైరైతే మొన్న జనవరిలో ఈ కుర్చీలోకి మారింది. ఆవిడకి ఇక్కడి పద్ధతి తెలుసు. గిన్నె తెరిచి, ఇంకా వెచ్చగా ఉన్న గోధుమరంగు అట్టుని చుట్టి, ఒక కొరుకు కొరికి, మింగాకే మాట మొదలుపెట్టింది.

"బహుమతి సంగతి కాదండీ రొజైర్ గారూ. కూర్చోండి."

అతను కూర్చున్నాడు. ఆవిడ పట్టీని అతని వైపు తిప్పింది.

"మన రాష్ట్రంలో పిల్ల హైస్కూలు దాటాలంటే ఇరవై క్రెడిట్లుండాలి. ఒక సబ్జెక్టు ఏడాదంతా చదివి పాసైతే ఒక క్రెడిట్. సగం ఏడాదికి అర."

"మా పిల్లకెన్ని ఉన్నాయి?"

"ఇరవై రెండు."

"మరింకేం!" అన్నాడతను, వెనక్కి వాలుతూ. "కావాల్సినదానికంటే రెండు ఎక్కువే ఉన్నాయిగా. పిల్ల ముఖం చూసి హడలిపోయాను."

"మొత్తం సరిపోతే చాలదండీ. ఇంగ్లీషు నాలుగుండాలి. లెక్కలు రెండు, సైన్సు రెండు, చరిత్ర రెండు... ఇలా దేని వాటా దానికుంది. ఒకదాంట్లో ఎక్కువుంటే ఇంకోదాంట్లో కలపడానికి లేదు. కొరిన్‌కి ఇంగ్లీషు మూడున్నరే ఉంది."

రొజైర్ పట్టీని దగ్గరికి లాక్కున్నాడు. ఎనిమిదో తరగతి మధ్యలో దుంపల తవ్వకానికి వెళ్ళినవాడు మళ్ళీ బడి ముఖం చూడలేదు. కానీ అంకెలంటే అతనికి భయం లేదు. మొరటు వేలు ఒక్కొక్క వరస మీదా పెట్టి చూసుకుంటూ వెళ్ళాడు.

"అర్థమైందండీ," అన్నాడు కాసేపటికి. "లారీ మొత్తం బరువు చట్టంలోపే ఉంటుంది. అయినా కాటా దగ్గర ఇరుసు ఇరుసుకీ విడిగా తూస్తారు. ఒక్క ఇరుసు తేడా వచ్చినా ముందుకి పోనివ్వరు. అదేగా?"

"అదే," అంది ఆవిడ. పదకొండేళ్ళుగా ఆవిడ విన్న వివరణల్లో ఇంత చక్కటిది ఇంకోటి లేదు.

"మరి ఈ అర ఎక్కడ పోయింది?"

హాస్కెల్ మేడమ్ కొరిన్ వైపు చూసింది. చెప్పే అవకాశం పిల్లకే ఇద్దామని చూసింది. కొరిన్ బల్ల అంచున లేచిన చెక్క పేడుని గోటితో గీరుతోంది.

"పదో తరగతి రెండో సగమండీ. తొంభై అయిదు జనవరి నుంచి జూన్ దాకా."

ఆ నెలల పేర్లు వినగానే రొజైర్ మెడ దగ్గర గుండీ విప్పుకున్నాడు.

ఆ నెలల్లో వాళ్ళు ఇక్కడ లేరు. దక్షిణాన హార్లో మిల్స్ అనే ఊళ్ళో, పెద్దాసుపత్రికి దగ్గరగా ఉంటుందని, బట్టల దుకాణం మీద రెండు గదులు అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళు. కొరిన్ తల్లి ఎస్తెల్ మంచం పట్టింది. రొజైర్ అప్పట్లో బురదకాలం అంటని పెద్దరోడ్ల మీద కంపెనీ లారీ తోలేవాడు; ఆదివారం సాయంత్రం ఎక్కితే మళ్ళీ శుక్రవారం దిగేవాడు. మే నెలాఖరున ఆమె పోయింది. జూన్‌లో తండ్రీకూతుళ్ళిద్దరూ సామాను సర్దుకుని లోయకి, కొరిన్ మెమేర్ అని పిలిచే నాయనమ్మ దగ్గరికి తిరిగొచ్చేశారు.

"అప్పుడు ఇంటి దగ్గరే చదువుకుందండీ," అన్నాడు రొజైర్. "ఆ స్కూలువాళ్ళే ఒప్పుకున్నారు. కట్టలు కట్టలు పాఠాలు పోస్టులో పంపేవాళ్ళు. నేను చూశానుగా! వంటగది బల్ల మీద ఇంత ఎత్తు ఉండేవి. ఏమే, చెప్పవే మేడమ్‌కి."

"వచ్చేవి నాన్నా," అంది కొరిన్. "నేను చెయ్యలేదు."

"చెయ్యలేదంటే?"

"ఒక్కటీ చెయ్యలేదు. విప్పలేదు కూడా. నువ్వొచ్చే రోజున మాత్రం రెండు విప్పి బల్ల మీద పరిచేదాన్ని."

గది బయట గంట మోగింది. పిల్లలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారుతున్న చప్పుడు వరదలా వచ్చి, తగ్గి, ఆగిపోయింది. అంతసేపూ రొజైర్ కూతుర్ని చూస్తూ కూర్చున్నాడు.

"శుక్రవారం శుక్రవారం అడిగేవాణ్ణి," అన్నాడు చివరికి. "చదువెలా సాగుతోందే అని. లోపలికొస్తూనే మీ అమ్మనైనా అడక్కముందు నిన్ను అడిగేవాణ్ణి. బాగుంది నాన్నా అనేదానివి. నా కళ్ళలోకి చూసి అనేదానివి!"

"అవును."

"అబద్ధం."

"అవును నాన్నా."

అతను లేచాడు. ఆ చిన్న గదిలో అటూ ఇటూ నడవడానికి చోటు లేదు. కిటికీ దాకా రెండడుగులు, మళ్ళీ కుర్చీ దాకా రెండడుగులు. మేజోళ్ళ కాళ్ళు కావడంతో ఆ కోపానికి చప్పుడు కూడా లేదు.

"నేనేమన్నా రాక్షసుణ్ణా? చెబితే కొడతాననుకున్నావా? నా జన్మలో నీ మీద చెయ్యెత్తానా?"

"కొడతావని కాదు." కొరిన్ మొదటిసారి తలెత్తింది. "లారీ మానేస్తావని."

రొజైర్ ఆగిపోయాడు.

"చెబితే నువ్వు వెళ్ళేవాడివి కాదు. నేనుంటాను, నువ్వు బడికి పో అనేవాడివి. లారీ మానేస్తే కంపెనీ బీమా పోతుంది. బీమా పోతే అమ్మ మందులు పోతాయి. ఆసుపత్రి ఆవిడ ఆ కాగితాలు నా ముందే చదివింది నాన్నా. ఎవరో ఒకరు మానాలి. నేను మానేశాను. నాది బడేగా... తర్వాత చూసుకోవచ్చనుకున్నాను."

అక్కడినుంచి వాళ్ళిద్దరూ తెలియకుండానే ఫ్రెంచిలోకి వెళ్ళిపోయారు. మా లోయలో అంతే. బ్యాంకులో, బడిలో, పోలీసులతో ఇంగ్లీషు. గుండెకి తగిలిన చోట ఫ్రెంచి. హాస్కెల్ మేడమ్‌కి ఆ భాష రాదని వాళ్ళ నమ్మకం. పదకొండేళ్ళు అత్తగారి వంటగదిలో కూర్చున్న మనిషికి ఏ భాష రాకుండా ఉంటుంది? ఆవిడ పట్టీలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని కూర్చుంది.

"నర్సు వచ్చేదిగా?" అన్నాడు రొజైర్. "రోజూ నర్సొచ్చి అన్నీ చూసుకుంటోందన్నావు."

"మంగళవారం, శుక్రవారం వచ్చేది. గంటసేపు ఉండేది. నేను సరుకులకి వెళ్తే అమ్మ అడిగినవి అందించి, ఉత్తరాలేమన్నా ఉంటే పోస్టులో వేసేది."

"మిగతా రోజులు?"

"నేనున్నానుగా," అంది కొరిన్.

"పదిహేనేళ్ళు," అన్నాడతను. మళ్ళీ అన్నాడు. "నీకు పదిహేనేళ్ళే కదే అమ్మలూ." కుర్చీలో కూలబడ్డాడు. "నేనొచ్చేసరికి మీ అమ్మ తల దువ్వి, శుభ్రంగా, సబ్బు వాసన వేస్తూ ఉండేది. నర్సు ఎంత మంచిదో అనుకునేవాణ్ణి. ఆవిడకి క్రిస్మస్‌కి ఏదన్నా ఇవ్వాలనుకున్నాను కూడా. లేవలేని మనిషికి తలెలా రుద్దేదానివే?"

"గిన్నెలు కడిగే తొట్టి ఉండేది చూడు, నీలంది. అది మంచం పక్కన స్టూలు మీద పెట్టేదాన్ని. చెత్త వేసే ప్లాస్టిక్ సంచీ ఒకటి కత్తిరించి అమ్మ మెడ కింద పరిస్తే, నీళ్ళు జారుడుబల్ల మీద జారినట్టు అందులోకి జారిపోయేవి." చేత్తో జారుడు చూపించింది. "మొదటిసారి సంచీ తిరగేసి పెట్టాను. నీళ్ళన్నీ అమ్మ చెవుల్లోకి పోయాయి. నన్ను నయం చెయ్యమంటే ముంచి చంపుతున్నావేమిటే అని తిట్టింది. ఇద్దరం నవ్వీ నవ్వీ... పరుపంతా తడిసిపోయింది."

రొజైర్ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఇంకోటైపోయింది. రెండు చేతుల్తో ముఖం మూసుకున్నాడు. కొరిన్ లేచి వెళ్ళి తండ్రి పక్కన నిలబడి, అతని తల మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి పట్టుకుని తన చెంపకి ఆనించుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"తెలిసుంటే..." అన్నాడు.

"తెలియకూడదనేగా."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు. నీకు చెప్పినట్టే అమ్మకీ చెప్పాను. పక్కగదిలో కూర్చుని చదువుకుంటున్నాననేదాన్ని. తన వల్ల నా చదువు పోయిందని తెలిస్తే ఇంకో నెల ముందే పోయుండేది నాన్నా."

హాస్కెల్ మేడమ్ లేచి, నీళ్ళు తెస్తానని చెప్పి బయటికి వెళ్ళింది. నీళ్ళు పక్కగదిలోనే ఉన్నాయి. ఆవిడకి మాత్రం అయిదు నిమిషాలు పట్టింది. తిరిగొచ్చేసరికి తండ్రీకూతుళ్ళు చెరొక ప్లోయి తింటున్నారు.

"మా అమ్మ ఇచ్చింది మీకే గానీ," అన్నాడు రొజైర్ ఇంగ్లీషులో, ఎర్రబడ్డ కళ్ళతో సిగ్గుపడుతూ.

"తినండి, తినండి. ఇంకా ఆరున్నాయి." ఆవిడ నీళ్ళ గ్లాసులు ముందు పెట్టి కూర్చుంది. "ఇప్పుడు మీ అమ్మాయి ఏం చేసిందో అసలు సంగతి నేను చెబుతాను వినండి. ఆ సగం ఏడాదిలో ఆరు సబ్జెక్టులు పోయాయి. అంటే మూడు క్రెడిట్లు. ఇక్కడికొచ్చాక పిల్ల వాటిని ఒక్కొక్కటే పట్టుకొచ్చింది. లెక్కలు వేసవి బడిలో. జీవశాస్త్రం ఖాళీ పీరియడ్లలో. చరిత్ర పోస్టు ద్వారా. ఆరోగ్యం, వ్యాయామం భోజనం వేళ. అయిదు పూర్తి చేసింది. రెండున్నరేళ్ళ చదువు రెండేళ్ళలో లాగింది. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరికీ తెలీదు కూడా. పాత కౌన్సిలర్ మొత్తం ఇరవై దాటిందని చూసుకుని టిక్కు పెట్టి ఊరుకున్నాడు."

"వేసవిలో చిన్నపిల్లలకి చదువు చెప్పడానికి వెళ్తున్నానంది," అన్నాడు రొజైర్.

"మరి చిన్నపిల్లనేగా," అంది కొరిన్.

"చూశారా మేడమ్, నోరు!" అన్నాడతను. కోపం పూర్తిగా పోయింది.

"అయిదు తెచ్చినదానివి ఆరోది ఎందుకు వదిలేశావమ్మా?" అని అడిగింది హాస్కెల్ మేడమ్. "అదొక్కటి నాకు అర్థం కాలేదు. చరిత్ర పోస్టులో చదివినట్టే ఇంగ్లీషు కూడా చదవొచ్చుగా?"

కొరిన్ చేతిలో ప్లోయి ముక్క గిన్నెలో పెట్టేసింది.

"తెప్పించాను మేడమ్. పోయినేడు. మొదటి పాఠంలోనే మీ ఇంటి గురించి ఒక పేజీ రాయండి అని ఉంది. రెండో పాఠంలో మీకు ఇష్టమైన మనిషి గురించి. ఇంగ్లీషంటే అంతేగా, ఊరికే రాయమంటారు. లెక్కల్లో ఎవరూ మీ అమ్మెలా ఉండేదని అడగరు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మూడు రోజులు కూర్చున్నాను. తర్వాత ఆ కట్ట తీసుకెళ్ళి బీరువా పైన పెట్టేశాను."

హాస్కెల్ మేడమ్ పట్టీని తన వైపు తిప్పుకుని, చెయ్యాల్సిన పని మాటల్లోకి వచ్చింది. పోస్టు ద్వారా చదవాలంటే ఎంత తొందరపడ్డా పదహారు వారాలు. పెద్దవాళ్ళ బడిలో చదివితే ఆగస్టు. ఎలా చూసినా జూన్ ఎనిమిదిన తోటిపిల్లలతో కలిసి నల్లగౌను వేసుకుని పట్టా పుచ్చుకోవడం కుదరదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. అడవుల కాలేజీలో కొరిన్‌కి సీటొచ్చింది. ఈ లోయ మొత్తం మీద ఆరేళ్ళలో ఆ సీటొచ్చిన మొదటి పిల్ల. వాళ్ళ చదువు జూన్ పదహారున అడవిలో డేరాల్లోనే మొదలవుతుంది. ఆ రోజుకి పట్టా చేతిలో లేకపోతే సీటు తర్వాతి మనిషికి పోతుంది.

"చెట్లు కొలిచే చదువండీ," అన్నాడు రొజైర్. "నేను నరికినవి మోస్తాను. అది ఏది నరకాలో, ఏది ఉంచాలో చెబుతుందిట. మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పేసింది." పట్టీని మళ్ళీ చూశాడు. "ఇంకే దారీ లేదా మేడమ్?"

"ఒకటి అనిపిస్తోంది. దారో కాదో తెలీదు." ఆవిడ హార్లో మిల్స్ స్కూలునుంచి వచ్చిన పాత పట్టీ తీసి, పెన్సిలుతో ఒకచోట తట్టింది. "ఇది చూడండి. ఆరు సబ్జెక్టుల్లో అయిదింటికి ఎదురుగా 'మానేసింది' అని ఉంది. ఇంగ్లీషు దగ్గర మాత్రం 'అసంపూర్తి' అని ఉంది. ఆ రెండూ ఒకటి కాదు. అసంపూర్తి అంటే పని మొదలైంది, ముగియలేదని. కొరిన్, ఇంగ్లీషులో ఏమన్నా రాసి పంపావా?"

"లేదు మేడమ్."

"ఒక్కటైనా?"

"విప్పనే లేదని చెప్పానుగా."

"గుమాస్తా పొరపాటై ఉంటుంది," అంది ఆవిడ. "అయినా అడిగితే పోయేదేముంది?"

ఆ పట్టీ కింద పంతులుగారి పేరు అమోస్ థర్లో అని ఉంది. హాస్కెల్ మేడమ్ నంబరు తిప్పి, అందరికీ వినిపించేలా మీట నొక్కింది. అవతల ఎవరో గుమాస్తా, తర్వాత ఇంకెవరో, తర్వాత సంగీతం, తర్వాత నిశ్శబ్దం. చివరికి నెమ్మదైన ముసలి గొంతు పలికింది.

"థర్లో మాట్లాడుతున్నాను."

ఆవిడ తన పేరు, స్కూలు పేరు చెప్పింది. కొరిన్ డేగల్ అనే అమ్మాయి గురించి అంది. అంతే.

"కొరిన్ డేగల్!" ఆ గొంతులో ఇరవై ఏళ్ళు తగ్గిపోయాయి. "అమ్మయ్యా! దొరికిందా? రెండేళ్ళనుంచి చూస్తున్నాను. ఇల్లు మారారన్నారు. ఎక్కడికంటే ఉత్తరానికి అన్నారు. ఉత్తరమంటే ఎంత ఉత్తరమండీ? ఆ అమ్మాయి ఉందా అక్కడ?"

"ఉన్నాను సార్," అంది కొరిన్, అయోమయంగా.

"ఏమ్మా, నీ గొంతు వినడం ఇదే మొదలు. ఇళ్ళ దగ్గర చదివే పిల్లలంతా నా వంతు. ఒక్కళ్ళ ముఖమూ చూడను, కాగితాలే చూస్తాను. నీ వ్యాసాలు పద్నాలుగూ నా దగ్గరే ఉన్నాయి. పారెయ్యమన్నారు. పారెయ్యలేదు. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అలాంటివి నాకు ఎన్నడూ రాలేదు."

రొజైర్ కూతురి వైపు చూశాడు. కొరిన్ తల అడ్డంగా ఊపింది. కాదు, నాకు తెలీదు.

"అన్నీ రాసి, ఆఖరి పరీక్ష ఒక్కటీ మానేశావేంటమ్మా?" అంటున్నాడు థర్లో. "అందుకే అసంపూర్తి అని ఉంచాను, మానేసింది అని రాయడానికి చెయ్యి రాలేదు. మిసెస్ హాస్కెల్, ఆ పరీక్ష మీ గదిలోనే రాయించండి. గంటన్నర. పాసైతే చాలు. మిగతావి నేనెప్పుడో దిద్దేశాను. ఆ అర క్రెడిట్ మీద మర్నాడే సంతకం పెడతాను."

"మర్నాడే!" రొజైర్ కుర్చీలోంచి లేచిపోయాడు. "విన్నావే అమ్మలూ? గంటన్నర!"

"ఆయన ఇంకెవరినో అనుకుంటున్నాడు నాన్నా," అంది కొరిన్ గొంతు తగ్గించి. "నేను రాయలేదు."

హాస్కెల్ మేడమ్ ఫోను వైపు వంగింది. "థర్లో గారూ, ఏమీ అనుకోకండి. పేరు పొరపాటు కాదు కదా? వాటిల్లో ఒక్క పేజీ ఫ్యాక్సు చేస్తారా? ఫైల్లో ఉంచాలి."

"తప్పకుండా చేస్తాను. ఆఖరిది పంపుతాను. 'నాకు బాగా తెలిసిన మనిషి' అని ఇచ్చాను. అది చదివిన రోజు నేను క్లాసుకి వెళ్ళలేదు. ఉండండి, ఫోను పెట్టకండి."

బీరువా మీది యంత్రం గుర్రుమంది. కాగితం అంగుళం అంగుళంగా బయటికి రావడం మొదలెట్టింది. దగ్గరగా ఉన్నది కొరినే. ముందు పై అంచున తన పేరు వచ్చింది. దాని కింద తేదీ, మే పదకొండు, తొంభై అయిదు. ఆ కింద మొదటి వరస.

రాత కుడివైపుకి వాలి ఉంది. సన్యాసినుల బడిలో నేర్చుకున్న పాతకాలపు గొలుసుకట్టు. అక్కడక్కడా పెన్ను పట్టు తప్పి గీత కిందికి జారి, మళ్ళీ ఓపిగ్గా పైకెక్కి వచ్చింది. కొరిన్ చెయ్యి కాగితం కోసం చాపినది చాపినట్టే ఉండిపోయింది.

రొజైర్ మెల్లగా వచ్చి కూతురి భుజం మీదుగా చూశాడు. కిరాణా చీటీల మీద, పుట్టినరోజు కార్డుల మీద, తన భోజనం డబ్బా మూత లోపల అంటించిన చిన్న చిన్న ముక్కల మీద, పంతొమ్మిదేళ్ళు చూసిన రాత అది.

"ఎస్తెల్," అన్నాడు. "ఇది మీ అమ్మ రాతే."

హాస్కెల్ మేడమ్ ఆ మాట వింది. తను విన్నానని వాళ్ళకి తెలియకూడదన్నట్టు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట బురదలో నిలబడ్డ బస్సుల వైపు తిరిగి నిలబడింది.

కొరిన్ కాగితం తీసుకుని, పెదాలు కదులుతుండగా చదివింది. కూతురి పేరుతో, కూతురి గొంతుతో ఎస్తెల్ రాసిన మొదటి వాక్యాలివి:

*మా ఇంట్లో ఒకావిడ ఉంది. పక్కగదిలో తన కూతురు చదువుకోవడం లేదని ఆవిడకి మొదటి రోజునుంచీ తెలుసు.*

"హలో?" అంది ఫోను. "అందిందా అమ్మా? ఫైల్లో రాసుకోవడానికి నాకు ఒక్క మాట కావాలి, మీ కౌన్సిలర్‌గారి ఎదురుగా చెప్పు. ఈ పద్నాలుగూ నువ్వు రాసినవే కదూ?"

రొజైర్ కూతురి ముఖంలోకి చూశాడు. అవునను అనలేదు, కాదను అనలేదు. కొరిన్ కాగితాన్ని గుండెలకి ఆనించుకుని, ఫోను వైపు ఒక అడుగు వేసింది.

"సార్," అంది.